బండి పూర్ణా మార్కెట్లో వదిలేసి ఆటోలో ఇంటికొచ్చీసాను, ఇది వయసేనా?

డాల్ఫిన్‌నోస్61
నాకు 61. లెక్కల సెక్షన్‌లో 33 ఏళ్ళు చేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. మొన్న గురువారం స్కూటర్ మీద పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి అల్లం, చింతపండు, అవీ ఇవీ కొనుక్కుని సంచి పట్టుకుని దర్జాగా ఆటో ఎక్కి ఇంటికొచ్చీసాను. సాయంత్రం మా ఆవిడ "బండేదండీ" అని అడిగితే గానీ గుర్తు రాలేదు. సరే, ఇది నవ్వుకునేది. నవ్వు రానిది ఏంటంటే మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు నేనే చూస్తాను, 24 ఫ్లాట్లు, అదేం పెద్ద లెక్క, వరసగా రెండు నెలలు కూడికలో తప్పు చేశాను. మూడో ఫ్లోరు కుర్రాడు వచ్చి చూపించాడు, పాపం మర్యాదగానే చెప్పాడు, ఆ మర్యాదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. తెలిసిన మనుషుల పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. పొద్దున్న లేస్తే బుర్రలో దూది కుక్కినట్టు ఉంటోంది, పదకొండైతే గానీ విడదు. మా అమ్మ చివరి ఆరేళ్ళు నన్ను "ఎవరు బాబూ నువ్వు" అనేది. డాక్టరు దగ్గరికెళ్తే ఆ మాటే నాకూ చెప్తాడేమోనని వాయిదా వేసుకుంటూ వస్తున్నా. షుగరుంది, ఎనిమిదేళ్ళుగా మాత్రలు వాడుతున్నా. ఇంకెవరికైనా ఇలా ఉందా? ఏం చేశారు?

కంచరపాలెం_కుర్రోడు
ముందు బండి దొరికిందా లేదా అది చెప్పండి సార్

డాల్ఫిన్‌నోస్61
దొరికింది. తాళం కూడా దానికే వేలాడుతోంది. ఐదు గంటలు పూర్ణా మార్కెట్లో తాళంతో సహా బండి ఉండిపోయిందంటే ఎవరూ నమ్మట్లేదు.

ఉక్కు_సెక్టార్9
బండి ఎంత పాతదో అర్థమైంది 😀 రావు గారూ ఏమీ భయపడకండి, నేను రిటైరై ఏడేళ్ళు, ఇవాళ ఏ వారమో నాకు తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరం కూడా లేదు. ముప్పై ఏళ్ళు ఏ, బీ, సీ షిఫ్టులు లెక్కపెట్టి బతికాం, ఇప్పుడు వారం మర్చిపోవటం జబ్బు కాదు, అదృష్టం. అందరికీ అవుతుంది, దానికి పేరు పెట్టుకుని కూర్చుంటేనే జబ్బు.

ఎంవీపీ_అమ్మలు
నాకు 49. రెండేళ్ళ నుంచి మా ఇంట్లో అన్ని వస్తువుల పేరూ "అది" అయిపోయింది. "ఆ అది ఉంది కదా, దాని పక్కన ఉన్న అది తే." మా అబ్బాయి నవ్వి నవ్వి చచ్చాడు. నాకేమో లోపల భయం. నెలసరి ఆగే వయసులో ఇలా మబ్బుగా ఉండటం చాలామందికి ఉంటుందని లేడీ డాక్టర్ చెప్పారు, నిద్ర సరిగ్గా పట్టదు, రాత్రి ఒళ్ళంతా చెమట, ఇంక పగలు బుర్ర ఏం పనిచేస్తుంది. కానీ "అదేలే" అని వదిలేయకుండా థైరాయిడ్ కూడా చూశారు, టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ వచ్చింది, అంటే థైరాయిడ్ సరిగ్గా పనిచేయట్లేదన్నమాట. పొద్దున్నే పరగడుపున మాత్ర, మూడు నెలలకి తేడా తెలిసింది. పూర్తిగా పోలేదు గానీ "అది" సగం తగ్గింది.

రుషికొండ_కోడర్
నాకు 34 అండీ, నాకూ ఇంతే. ఫ్రిజ్ తెరిచి ఎందుకు తెరిచానో తెలియక నిలబడతా. మీటింగ్‌లో వాక్యం మధ్యలో పదం పోతుంది. రాత్రి రెండింటి దాకా ఫోను చూస్తా, అది ఒప్పుకుంటా.

గాజువాక_గౌరి
34కే ఏటి బాబూ నీకు, మా కాలంలో 34కి ఇద్దరు పిల్లల ఫీజులు, చీటీపాట, పాలోడి లెక్క, అన్నీ నోటికుండీవి. రెండింటి దాకా ఫోనెట్టుకుని బుర్రలో లంబసింగి అయిపోయిందంటే ఎలగ? ముందు పడుకో.

కంచరపాలెం_కుర్రోడు
బుర్రలో లంబసింగి 😂😂 అక్కా ఇదే కరెక్ట్ పేరు, బ్రెయిన్ ఫాగ్ అని ఎవరనమన్నారు

పద్యంపిచ్చి
నేను కాలేజీలో తెలుగు చెప్పి మానేశాను. బుర్రకి పని లేకపోతే తుప్పు పడుతుంది, ఇది నా అభిప్రాయం. అష్టావధానంలో అవధాని ఎనిమిదిమంది పృచ్ఛకులకి సమాధానం చెప్తూ, మధ్యలో ఎవడో గంట ఎన్నిసార్లు కొట్టాడో కూడా గుర్తుంచుకుని, చివర్న పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్తాడు, అదంతా సాధనే కదా. నేను రోజూ బీచ్ రోడ్డులో నడుస్తూ ఒక పద్యం కంఠతా పడతాను, పొద్దున్నే బండ్లు ఆపేస్తారు కాబట్టి గట్టిగా చదివినా గుద్దేవాడు ఉండడు. దీంతోపాటు సరస్వతి ఆకు పచ్చడి, నానబెట్టిన బాదంపప్పు. రావు గారు లెక్కల మనిషి కాబట్టి ఎక్కాలు 25 దాకా మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

ఉక్కు_సెక్టార్9
అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పోస్టు మాత్రం నాకివ్వండి, దానికి నాకు ప్రాక్టీసు అక్కర్లేదు

మందులకొట్టు
ఇరవై రెండేళ్ళుగా మెడికల్ షాపు నాది. పద్యం మాస్టారి మీద గౌరవంతోనే చెప్తున్నా, ఎక్కాల కంటే ముందు ఒక పని చేయండి సార్. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, రోజూ వేసేవి, అప్పుడప్పుడు వేసేవి, పక్కింటావిడ ఇచ్చినవి, అన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టరు టేబుల్ మీద కుమ్మరించండి. ఎందుకంటే ఎనిమిదేళ్ళ షుగర్ అంటే దాదాపుగా మెట్‌ఫార్మిన్ ఉండే ఉంటుంది, అది ఏళ్ళ తరబడి వాడితే కొందరికి ఒంట్లో బీ12 తగ్గుతుంది. దానికి తోడు పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర, పాంటోప్రజోల్ లాంటిది, మన ఊళ్ళో కాఫీ తాగినట్టు వేసుకుంటారు. దాంతో కడుపులో ఆమ్లం తగ్గిపోతుంది, ఆమ్లం లేకపోతే తిండిలోంచి బీ12 విడిపోవటం కష్టం. పైగా శాకాహారం అయితే చెప్పక్కర్లేదు. బీ12 తక్కువైతే అరికాళ్ళు తిమ్మిరి, నీరసం, మతిమరుపు, అన్నీ వస్తాయి. కానీ ఇది చదివి మెట్‌ఫార్మిన్ మానేయకండి, షుగర్ పెరిగితే అదింకో గొడవ.
రెండోది, దురదకనీ జలుబుకనీ వేసుకునే పాతకాలం మాత్రలు, అవిల్ గానీ, జలుబు మాత్రల్లో కలిసుండే క్లోర్‌ఫెనిరమిన్ గానీ, అరవై దాటినవాళ్ళకి బుర్ర మొద్దుబారుస్తాయి. మూడోది నిద్రమాత్రలు, ఆల్ప్రజోలం లాంటివి. "నిద్ర పట్టట్లేదు బాబూ పాత చీటీయే ఉంది" అని మూడేళ్ళ కిందటి చీటీ తెస్తారు, ఇవ్వకపోతే తిట్టుకుంటూ వెళ్తారు. అవి కూడా ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఉక్కు_సెక్టార్9
ఇప్పుడు ఎవరికేం వచ్చినా బీ12 అంటున్నారు, అదొక ఫ్యాషన్. మా నాన్న 91 దాకా ఉన్నాడు, బీ12 అంటే బస్సు నంబరు అనుకునేవాడు.

మందులకొట్టు
మీ నాన్నగారు షుగర్ మాత్ర, గ్యాస్ మాత్ర వేసుకున్నారా సార్?

ఉక్కు_సెక్టార్9
లేదు. పొగాకు చుట్ట ఒక్కటే.

సింధియా_కూతురు
నవ్వులాటగా ఉంది కానీ రెండు సంగతులు చెప్తా, రెండూ మా ఇంట్లోవే, రెండూ వేరు.
ఒకటి మా పెదనాన్న. 74. బీపీకి ఒంట్లో నీరు లాగే మాత్ర వేసుకునేవాడు, దానికి తోడు బీపీ అని ఉప్పు పూర్తిగా మానేశాడు, పైగా వేసవి, విరేచనాలు. నాలుగు రోజుల్లో మనిషి మారిపోయాడు, ఇంట్లోనే బాత్రూం ఎటో తెలీదు, చచ్చిపోయిన తమ్ముడితో మాట్లాడుతున్నాడు. అందరూ "వయసు, మతి పోయింది" అన్నారు, ఒకావిడ తాయత్తు కూడా తెచ్చింది. రక్తం చూస్తే సోడియం 118. 135కి తగ్గకూడదంట. ఆసుపత్రిలో మెల్లమెల్లగా ఎక్కించారు, వారానికి మనిషి మనిషయ్యాడు, తాయత్తు తెచ్చినావిడని పేరు పెట్టి మరీ తిట్టాడు. అంటే రోజుల్లో ముంచుకొచ్చేది ఏదైనా వయసు కాదు. వెంటనే తీసుకెళ్ళాలి. యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కి కూడా పెద్దవాళ్ళు ఇలాగే తికమక పడతారని అక్కడే చెప్పారు, తలకి చిన్న దెబ్బ తగిలి కొన్ని వారాలకి లోపల రక్తం చేరినా అంతేనంట.
రెండోది మా నాన్న. షిప్‌యార్డులో వెల్డర్. ఆయనది నెమ్మదిగా వచ్చింది, మేం కనిపెట్టేసరికే రెండేళ్ళు అయ్యుంటుంది. ముందు డబ్బు లెక్క పోయింది, తర్వాత దారి పోయింది. తెల్లవారుజామున నాలుగింటికి చొక్కా ప్యాంటు వేసుకుని టక్ చేసుకుని తలుపు గడియ తీస్తాడు, షిఫ్టుకి టైమైందని. మొదట్లో "నాన్నా నువ్వు రిటైరయ్యావు" అని వాదించేదాన్ని, ఆయనకి అది ప్రతిరోజూ కొత్త వార్తే, ప్రతిరోజూ కొత్త బాధే. ఇప్పుడు "సైరన్ ఇంకా కూయలేదు నాన్నా, కాఫీ తాగి వెళ్దువు గాని" అంటా. కాఫీ తాగి పడుకుంటాడు. జేబులో నా నంబరు రాసిన కార్డు ఎప్పుడూ ఉంటుంది. సాయంత్రం పొద్దు వాలేసరికి కంగారు ఎక్కువవుతుంది, అందుకే ఐదింటికే ఇంట్లో లైట్లన్నీ వేసేస్తా.
రావు గారూ, బండి మర్చిపోయి, మర్చిపోయానని మీకే తెలిసి, ఇంత వివరంగా రాశారు చూడండి, మా నాన్న ఎప్పుడూ అలా చెప్పలేదు. "నాకేమైంది, నేను బాగానే ఉన్నా" అనేవాడు. చూసింది అమ్మ. అలాగని చూపించుకోకుండా ఉండకండి.

లాసన్స్‌బే_లక్ష్మి
మా అమ్మది కూడా అదే. పెసరట్టులో ఉప్పు మర్చిపోవటం అందరం చేస్తాం. మా అమ్మ పెనం ముందు గరిటె పట్టుకుని నిలబడింది, తర్వాత ఏం చెయ్యాలో తెలియక. నలభై ఏళ్ళు వేసిన చెయ్యి. అప్పుడు తెలిసింది నాకు.

గాజువాక_గౌరి
సింధియా అమ్మా, సైరన్ ఇంకా కూయలేదు అన్నావు చూడు, చదివి కాసేపు ఫోను కింద పెట్టీసాను

రుషికొండ_కోడర్
లాన్సెట్ అనే మెడికల్ జర్నల్ వాళ్ళ 2024 కమిషన్ రిపోర్టులో డిమెన్షియాకి, అంటే మతి మెల్లగా పోయే జబ్బుకి, 14 కారణాలు ఇచ్చారు, బీపీ, షుగర్, పొగ, మందు, చెడు కొలెస్ట్రాల్, వినికిడి తగ్గటం, చూపు తగ్గితే పట్టించుకోకపోవటం, డిప్రెషన్, ఒంటరితనం, కదలకుండా కూర్చోవటం, గాలి కాలుష్యం ఇలా. ఇవన్నీ సరిచేసుకుంటే 45 శాతం తగ్గించొచ్చట. అంటే దాదాపు సగం ఛాన్స్ మన చేతిలోనే ఉన్నట్టు.

సింధియా_కూతురు
అలా చదవకు తమ్ముడూ. ఆ 45 జనం మొత్తం లెక్క, ఆ కారణాలన్నీ లోకంలో ఎవరికీ లేకుండా పోతే అన్ని కేసులు తగ్గొచ్చు లేదా ఆలస్యం కావొచ్చు అని. ఒక్క మనిషికి సగం ఛాన్స్ అని కాదు. మా నాన్న పొగ తాగలేదు, మందు ముట్టలేదు, షుగర్ లేదు. నీ లెక్క విన్నవాళ్ళు "ఏం చేశాడో మరి" అన్నట్టు చూస్తారు మమ్మల్ని.

రుషికొండ_కోడర్
సారీ అక్కా. ఆ కోణం ఆలోచించలేదు.

కంచరపాలెం_కుర్రోడు
గాలి కాలుష్యం అన్నావు కదా, ఇంక చూడు వన్‌టౌన్ వాళ్ళు బాల్కనీలో పడే పోర్టు బొగ్గు నల్లదుమ్ము ఫొటోలతో దిగిపోతారు

పద్యంపిచ్చి
నా సరస్వతి ఆకుని ఎవరూ పట్టించుకోలేదు, సరే. ఇంకొకటి చెప్తా, ఇది ఆకు కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లని చూసి 2013లో రాశారు, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయని. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా ఉందట. అంటే బడి కాదు, బజారు కూడా బుర్రకి మేతే.

గాజువాక_గౌరి
అయితే నాకు ఢోకా నేదు. మా వీధిలో తెలుగు, ఒడియా, హిందీ, మా ఆయనతో మౌనభాష, నాలుగొచ్చు నాకు

మందులకొట్టు
మాస్టారూ, ఆలస్యంగా రావటం వేరు, రాకపోవటం వేరు. కానీ నాలుగున్నరేళ్ళు చిన్న విషయం కాదు, ఒప్పుకుంటా.

డాల్ఫిన్‌నోస్61
పదిహేను రోజులయ్యింది, చెప్తానన్నాను కదా (అన్నానా?). సింధియా కూతురు గారు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను, ఆవిడ మరుసటి రోజే లాక్కెళ్ళింది. మొదట ఒక ప్రైవేటు ఆసుపత్రి, లోపలికి అడుగుపెట్టగానే ఏం అడగకుండానే స్కానింగ్ రాసేశారు, ఎందుకో భయమేసి బయటికొచ్చేశాం. తర్వాత తెలిసిన డాక్టరు ద్వారా కేజీహెచ్, అదే మన పెద్ద గవర్నమెంటు ఆసుపత్రి, న్యూరాలజీ ఓపీకి వెళ్ళాం. లైను పెద్దదే, కానీ ఆ చిన్న డాక్టరమ్మ గంటసేపు కూర్చోబెట్టింది. సంవత్సరం, నెల, తేదీ, వారం అడిగింది, వారం తప్పు చెప్పాను, ఉక్కు గారి పుణ్యం. మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్ళీ అడిగింది, రెండు చెప్పాను. నూరులోంచి ఏడు తీసేస్తూ పొమ్మంది, అది మాత్రం గడగడా. గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమంది, గీస్తుంటే చెయ్యి వణికింది, భయంతోనే. కవర్లోంచి స్ట్రిప్పులు కుమ్మరించాను, తొమ్మిది రకాలు. అందులో మా వదిన ఇచ్చిన జలుబు మాత్ర, రెండు నెలల నుంచి రోజూ రాత్రి వేసుకుంటున్నా, హాయిగా నిద్ర పడుతోందని. అది అక్కడికక్కడే ఆపించింది. రక్త పరీక్షలో బీ12 148 వచ్చింది, 200 లోపు ఉంటే తక్కువ కిందే లెక్కట. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అరికాళ్ళ తిమ్మిరి సంగతి నేనెవరికీ చెప్పలేదు, కొత్త చెప్పులనుకున్నా.

మందులకొట్టు
జలుబు మాత్ర!! నేను చెప్పానా లేదా

డాల్ఫిన్‌నోస్61
నేను ఈయన భార్యని, ఈయన స్నానానికి వెళ్ళారు. ఇంకొకటి ఈయన రాయలేదు, రాయరు కూడా. చెవులు కూడా పరీక్ష చేశారు, రెండు వైపులా తగ్గింది, మెషిన్ పెట్టుకోమన్నారు. నేను రెండేళ్ళ నుంచి చెప్తూనే ఉన్నా, టీవీ సౌండ్ వీధి చివరికి వినపడుతోందని. నేను వంటింట్లోంచి "వచ్చేటప్పుడు కరివేపాకు తెండి" అంటే "ఊఁ" అంటారు, తేరు, మర్చిపోయానంటారు. అసలు విన్నారా అని నా అనుమానం. విననిది మర్చిపోవటం ఎలా కుదురుతుంది? మెషిన్ మాత్రం వద్దంటున్నారు. ముసలాడిలా కనపడతానట.

గాజువాక_గౌరి
వదినా భలే సెప్పారు. కళ్ళజోడు ఎట్టుకుంటే చదువుకున్నోడు, చెవిలో మెషిన్ ఎట్టుకుంటే ముసిలోడు, ఇదెక్కడి న్యాయం. చెవినీ కంటినీ ఒకేలా చూడండి బాబూ

ఎంవీపీ_అమ్మలు
మా మామగారు కూడా ఏడాది బీరువాలో పెట్టుకున్నారు మెషిన్‌ని. మొదట్లో కుక్కర్ విజిల్, ఫ్యాను, సంచి కవరు చప్పుడు, అన్నీ ఒకేసారి మీద పడతాయట, తలనొప్పి. రోజుకి గంట, రెండు గంటలు అలా అలవాటు చేసుకుంటూ, రెండుసార్లు వెళ్ళి సెట్టింగ్ మార్పించుకుంటే కుదిరింది. ఇప్పుడు ఫంక్షన్లకి వస్తున్నారు. అంతకుముందు ఎవరేమంటున్నారో తెలియక ఓ మూల కూర్చుండిపోయేవారు, మేమేమో ఆయన మందగించిపోయారు అనుకున్నాం.

డాల్ఫిన్‌నోస్61
స్నానం నుంచి వచ్చాను. చదివాను. నాకు చెప్పకుండా రాసినందుకు అలిగాను. అలిగిన సంగతి ఆవిడకి చెప్తే "వినపడలేదు" అంది.

కంచరపాలెం_కుర్రోడు
ఆంటీకి ఒక దండం 🙏😂

డాల్ఫిన్‌నోస్61
రెండు నెలల తర్వాత రాస్తున్నా. పొద్దున్న దూది పోయింది, లేవగానే పేపరు చదవగలుగుతున్నా, తిమ్మిరి సగం తగ్గింది. పేర్లు ఇప్పటికీ ఆగుతున్నాయి, నిన్న మా సొంత మేనల్లుడి పేరు రాలేదు, రెండు నిమిషాలు "ఏరా" తో నెట్టుకొచ్చా. మెషిన్ ఎడమ చెవికి ఒక్కటే కొన్నాను, రెండోది చూద్దాం. అపార్ట్‌మెంట్ లెక్కలు వదిలేద్దామనుకున్నా, మూడో ఫ్లోరు కుర్రాడు ఒప్పుకోలేదు, నేను చేస్తా, వాడు చూస్తాడు, ఈ నెల వాడిదే తప్పు దొరికింది, ఆ రోజు రాత్రి నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నా. బీ12 ఎక్కినంత మాత్రాన అమ్మది నాకు రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు, ఆరు నెలలకోసారి వచ్చి గడియారం గీయమన్నారు.

ఉక్కు_సెక్టార్9
రావు గారూ, మొదట్లో నేను వెటకారం చేశాను. ఒక మాట అడగాలి. మొన్న సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్ళాం, 32 కిలోమీటర్లు మా ఆవిడ నాకంటే ముందు నడిచింది, కాళ్ళు ఉక్కే. కానీ దారిలో "అబ్బాయి ఫోను చేశాడా" అని అడిగింది, చేశాడు అన్నాను. హనుమంతవాకకి వచ్చేసరికి నాలుగోసారి అడిగింది. అప్పటి నుంచి వెనక్కి ఆలోచిస్తుంటే, పాలవాడికి రెండుసార్లు డబ్బులివ్వటం, సంక్రాంతికి అరిసెల పాకం కుదరకపోవటం, ఇవన్నీ ఏడాదిగా ఉన్నాయి, నేనే జోకులేసి దాటేశాను. ఆవిడకి చెప్తే "నాకేమైంది, మీకే అనుమానం" అంటుంది. డాక్టరు మాట ఎత్తితే "నన్ను చినవాల్తేరు పిచ్చాసుపత్రికి పంపిస్తారా" అని ఏడ్చింది. ఎలా తీసుకెళ్ళాలి?

సింధియా_కూతురు
బాబాయ్ గారూ, మతిమరుపు అనే మాట అసలు తేవద్దు. బీపీ, షుగర్ చూపించుకుందాం ఇద్దరం అనండి. మీరు చూసినవన్నీ తేదీలతో కాగితం మీద రాసుకుని డాక్టరుకి ముందే ఇవ్వండి, ఆవిడ ఎదురుగా చెప్పకండి. ఇంకా ఏమీ తేలలేదు కదా, థైరాయిడో బీ12నో కూడా కావచ్చు. ఒక్కరే మోయలేనట్టు ఉంటే 14567కి చేయండి, పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్, ఊరికే మాట్లాడటానికైనా. మీరు రాయటమే పెద్ద పని.

డాల్ఫిన్‌నోస్61
నాకు వచ్చే సోమవారం ఇంజెక్షను, బీ12 మళ్ళీ చూస్తారు. మేమిద్దరం వెళ్తున్నాం, మీరిద్దరూ రండి. నాకు ఒంట్లో బాగాలేదని, తోడు కావాలని మీ ఆవిడకి చెప్పండి. పొద్దున్న ఎనిమిదింటికి ఓపీ చీటీ దగ్గర ఉంటాను. ఆటోలోనే వస్తాను.

ఉక్కు_సెక్టార్9
చెప్పాను. రావు గారికి మతి సరిగ్గా ఉండట్లేదు, తోడు వెళ్దాం అన్నాను, క్షమించాలి. వెంటనే ఒప్పుకుంది. "పాపం, అంత చిన్న వయసులోనా" అని ఒకటే బాధపడిపోతోంది, మీకోసం సున్నుండలు చేసి తెస్తానంటోంది. ఆయనకి షుగర్ అని చెప్పాను. ఇప్పటికి మూడుసార్లు చెప్పాను.